గేదె చస్తేనే సాయమా? మునిగిన మేత సంగతేంటి?

గన్నవరం మండలంలో మూడు సంస్థలున్నాయి. ఒకటి గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల. రెండోది కొండపావులూరులోని జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్. మూడోది 2025 జనవరిలో అదే కొండపావులూరులో ప్రారంభమైన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం. పశువుల గురించి చదువుకున్నవాళ్లు, విపత్తుల గురించి చదువుకున్నవాళ్లు ఒకే మండలంలో కూర్చుని పనిచేస్తున్నారు. కానీ వరదొచ్చి పశువు బతికి, దాని మేత మొత్తం పోతే ఆ ఇంటికి ఏమివ్వాలి అని అడిగితే మన ప్రభుత్వాల కాగితాల్లో సరైన జవాబు దొరకదు. ఈ మాట మాట్లాడుకోవాలనే ఇది రాస్తున్నాం. ఎందుకంటే ఆ ఖాళీలో పడిపోతున్నది ఎక్కువగా మనవాళ్లే.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 నాటి వానలు మనకి గుర్తే. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరు మళ్లింపు కాలువకి గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ నీళ్లల్లో రోజుల తరబడి ఉండిపోయింది. టీవీలన్నీ నగరాన్నే చూపించాయి, చూపించాలి కూడా. కానీ బుడమేరు సింగ్‌నగర్‌లో ఆగిపోయే ఏరు కాదు. ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద నుంచి దూరి, గన్నవరం, నందివాడ వైపు పొలాల్లోంచి పోయి కొల్లేరులో కలుస్తుంది. దాని దారి పొడుగునా గట్లున్నాయి. ఆ గట్ల మీదే గడ్డి ఉంది. ఆ గడ్డి మీదే సెంటు భూమి లేని ఇళ్ల గేదెలు, మేకలు బతుకుతున్నాయి.

ఆ సెప్టెంబరు 17న రాష్ట్ర ప్రభుత్వం సాయం పట్టీ ప్రకటించింది. చనిపోయిన పాడి పశువుకి 50 వేలు, దుక్కిటెద్దుకి 40 వేలు, దూడకి 25 వేలు, గొర్రెకి 7,500, కోడికి 100. వరి పోయిన రైతుకి ఎకరాకి 10 వేలు. ఈ రేట్లు కేంద్రం నిబంధనల కంటే ఎక్కువే. 2022 నుంచి 2026 మార్చి దాకా నడిచిన కేంద్ర నిబంధనల్లో పాడి గేదెకి, ఆవుకి 37,500, ఎద్దుకి 32,000, దూడకి 20,000, గొర్రెకి, మేకకి, పందికి 4,000 మాత్రమే. రాష్ట్రం తలుచుకుంటే కేంద్రం గీసిన గీత దాటి ఇవ్వగలదని 2024లో తేలింది. అది మంచి విషయం. ఆ మాట దాచుకోవాల్సిన పనిలేదు.

ఇప్పుడు ఆ పట్టీని ఇంకోసారి చూడండి. అందులో పశువులకి కట్టిన ఆ రేట్లన్నీ చావు గురించే. గేదె చస్తే ఇంత, మేక చస్తే ఇంత. బతికిన గేదె గురించి ఒక్క ముక్క లేదు. నాలుగు రోజులు మెడలోతు నీళ్లలో నిలబడి, ఐదోరోజు గట్టెక్కి, ఒండ్రు పట్టిన గడ్డి వాసన చూసి మూతి తిప్పుకున్న గేదెకి ఆ పట్టీలో చోటు లేదు.

బతికిన గేదె ఏం తినాలి? పాడి గేదెకి రోజుకి పాతిక కిలోల దాకా పచ్చగడ్డి, ఐదారు కిలోల ఎండుగడ్డి కావాలి. వరద తీశాక పచ్చగడ్డి మీద ఒండ్రు పేరుకుంటుంది. కుళ్లు వాసన కొడుతుంది. ఆ గడ్డి తిన్న పశువుకి కడుపు చెడుతుంది. నత్తలు చేరిన నీటి ఒడ్డున మేస్తే కార్జపు జలగ పడుతుంది. వానాకాలంలో గొంతువాపు ఎలాగూ కాచుకుని ఉంటుంది. ఎండుగడ్డి వామి తడిసి బూజు పట్టిందంటే అదీ పనికిరాదు. అంటే పచ్చది లేదు, ఎండుదీ లేదు. మళ్లీ పశువు నోరు పెట్టేలా గడ్డి రావాలంటే నీళ్లు తీయాలి, ఎండ కాయాలి, కొత్త చిగురు లేవాలి. వారాలు పడుతుంది.

ఆ వారాల్లో ఏమవుతుందో పశువులున్న ఇళ్లల్లో పుట్టిన వాళ్లకి చెప్పక్కర్లేదు. మొదట పాలు తగ్గుతాయి. పాల డబ్బుతో గడిచే ఇంట్లో కూరగాయల దగ్గర అప్పు మొదలవుతుంది. తర్వాత గడ్డి కట్టలు కొనాలి. వరదొచ్చిన ప్రాంతం మొత్తం గడ్డి కోసం ఒకేసారి పరిగెడుతుంది కాబట్టి కట్ట ధర పెరుగుతుంది. ఆ తర్వాత బేరగాడు వస్తాడు. మామూలు రోజుల్లో ఎంత పలికే గేదైనా ఆ రోజుల్లో అతను చెప్పిందే రేటు. ఇలా అమ్ముకున్న గేదె వరదలో పోయిన గేదె లెక్కలోకి రాదు. ఆ ఇంటి దృష్టిలో మాత్రం రెండూ ఒకటే. కొట్టం ఖాళీ.

పట్టా ఉన్న రైతుకి కూడా ఈ బాధ ఉంది, లేదనడం లేదు. కానీ తేడా ఒకటుంది. రైతుకి సొంత చేను ఉంటుంది. వరి కోతకి ముందు చేలో పిల్లిపెసరో జనుమో చల్లుకుంటే కోత అయ్యాక పచ్చిమేత దొరుకుతుంది. తన వరిగడ్డి తన వామిలో ఉంటుంది. పంట పోతే ఈ-పంటలో నమోదు ఉంది కాబట్టి ఎంతో కొంత చేతికొస్తుంది. డెల్టాలో బతికే యానాదులకి, ఎరుకలకి, సుగాలీలకి, భూమి లేని దళిత, బీసీ ఇళ్లకి మేత అంటే చెరువు గట్టు, మురుగు కాలువ గట్టు, రైలు కట్ట పక్క, రోడ్డు వార, కోత కోసిన ఊరివాళ్ల చేలు. ఈ గడ్డి ఏ సర్వే నంబరు మీదా ఉండదు. ఈ-పంటలో ఎక్కదు. దాని మీద బతికేవాడి పేరు ఏ రికార్డులోనూ రాసి ఉండదు. అది మునిగితే నష్టపోయిన మనిషి ఎవరు అని కాగితాన్ని అడిగితే, ఎవరూ లేరు అంటుంది.

ఇంకొకళ్ల గేదెలు మేపేవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఆసామి గేదెని తోలుకొచ్చి, ఏళ్ల తరబడి మేపి, పుట్టిన దూడలో వాటా తీసుకునే పద్ధతి మన ఊళ్లల్లో ఉంది. ఆ గేదె చస్తే డబ్బు ఆసామి ఖాతాలో పడుతుంది. మేపినవాడి ఏళ్ల కష్టం వరదలో పోతుంది. బాతుల మందలు తోలుకుంటూ కోత చేల వెంట తిరిగే కుటుంబాలకైతే లెక్క రాసేనాటికి వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారన్నదే ప్రశ్న అవుతుంది.

ఇంకో సంగతి. పశువు బతికే ఉన్నా మేత పోయే విపత్తులున్నాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానే తీసుకోండి. డెల్టాలో సరిగ్గా వరి కోతల వేళ వచ్చింది. కోసిన ఓదెలు నీళ్లల్లో తేలాయి, కోయని చేలు పడిపోయాయి. రైతు గింజ నష్టం లెక్క రాశారు, రాయాల్సిందే. కానీ వరితో పాటు గడ్డి కూడా కుళ్లింది కదా. ఆ గడ్డే వచ్చే ఏడాది వానల దాకా పశువుల కడుపు నింపేది. భూమి లేనివాళ్లు కోతకి వెళ్లి కూలితో పాటు తెచ్చుకునేదో, తక్కువ ధరకి కొనుక్కునేదో ఆ గడ్డే. గేదె బతికే ఉంటే పశువుల పట్టీలో ఆ నష్టం లేదు. పొలం మనది కాదు కాబట్టి పంటల పట్టీలోనూ లేదు. రెండు పట్టీల మధ్య మనిషి జారిపోయాడు.

ఇదంతా అన్నాక, నిబంధనల్లో మేత మాటే లేదా అని అడుగుతారు. ఉంది. అసలు విషయం ఇక్కడే ఉంది, కాస్త జాగ్రత్తగా చదవండి. అదే 2022–26 కేంద్ర నిబంధనల్లో పశువుల శిబిరాల కోసం ఒక పద్దు ఉంది. శిబిరంలో ఉన్న పెద్ద పశువుకి రోజుకి 80 రూపాయలు, చిన్న పశువుకి 45 రూపాయలు. మేత, దాణా, నీళ్లు, మందులు అన్నీ కలిపి. మామూలుగా 30 రోజులు, అవసరమైతే 60 రోజులు, కరువు తీవ్రంగా ఉంటే 90 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. శిబిరం బయట ఉన్న పశువులకైతే మేత తోలే రవాణా ఖర్చు మాత్రం పెట్టుకోవచ్చు.

అంటే పశువు రోజుకి ఎంత తింటుందో ప్రభుత్వానికి తెలుసు. దానికి ఒక ధర కూడా కట్టింది. ఆ ధర చాలదని మనం వాదించొచ్చు, మీ ఊళ్లో గడ్డి కట్ట ధర వేసుకుని మీరే చూడండి. కానీ ధర ఉంది. షరతు ఒక్కటే: పశువు శిబిరంలో ఉండాలి. శిబిరం పెట్టాలంటే అధికారులు నిర్ణయించాలి. పెట్టినా అది రోడ్డు పక్కనో, మండల కేంద్రానికి దగ్గర్లోనో ఉంటుంది. నాలుగు మేకలున్న యానాది ఇల్లాలు గుడిసె వదిలేసి, పిల్లల్ని వదిలేసి, మేకల్ని తోలుకుని ఐదు మైళ్లు నడిచి శిబిరానికి పోదు. పందులు పెంచే ఎరుకల కుటుంబాన్ని ఆవులు, గేదెల శిబిరంలోకి రానిస్తారా? పంది కూడా కేంద్రం పట్టీలో మేకతో సమానంగా ఉంది. చాలాచోట్ల శిబిరం గేటు దగ్గర మాత్రం ఆ సమానం కనపడదు.

కాబట్టి మన డిమాండు చాలా చిన్నది. కొత్తగా ఏదో కనిపెట్టమని అడగడం లేదు. శిబిరంలో ఉన్న పశువుకి ఇచ్చేదాన్ని, మేత మునిగిన ఊళ్లో ఉన్న పశువుకి కూడా ఇవ్వండి అంటున్నాం. పశువు ఎక్కడ కట్టేసి ఉందో చూడకుండా, మేత పోయిందా లేదా చూడండి అంటున్నాం.

లెక్క వేసి చూద్దాం. రెండు గేదెలున్న ఇంటికి 45 రోజులు, రోజుకి 80 చొప్పున ఇస్తే 7,200 రూపాయలు. ఆ రెండు గేదెలూ చస్తే కేంద్రం రేటు ప్రకారమే 75,000 ఇవ్వాలి. పదో వంతు కూడా కాదు. పది మేకలున్న ఇంటికి నెల రోజులకి రోజుకి 45 చొప్పున 13,500. అవే పది మేకలు చస్తే 40,000. పశువుని బతికించుకోవడానికి ఇచ్చేది, చచ్చాక ఇచ్చేదాని కంటే ఎంతో తక్కువ. ఇది దయ చూపించమని అడగడం కాదు. ఖజానా కోణంలో చూసినా ఇదే తెలివైన పని.

దీనికి ఎదురు మాటలు ఉంటాయి. గడ్డి మళ్లీ మొలుస్తుంది కదా అంటారు. మొలుస్తుంది. వరి కూడా మళ్లీ నాటుకోవచ్చు, అయినా పంట నష్టం ఇస్తున్నారు కదా. గడ్డి మొలిచేలోపు ఆ ఇల్లు గేదెని అమ్ముకోకుండా ఉండాలి, సాయం కావాల్సింది ఆ మధ్యకాలానికే. ఇంకొకరు అంటారు, చచ్చిన పశువుకి పంచనామా ఉంటుంది, పోయిన మేతకి రుజువేంటి, దొంగ లెక్కలు రాస్తారు అని. ఈ మాటకి మాత్రం సరైన జవాబు చెప్పాలి. ఎందుకంటే దొంగ లెక్కలు రాస్తే మొదట నష్టపోయేది నిజమైన పేదలే.

పశువు ఉందా లేదా అన్నదానికి చెవికి వేసే 12 అంకెల ట్యాగు ఉంది. మేత మునిగిందా లేదా అన్నదానికి ఆకాశంలోంచి తీసిన ఫొటోలున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరదలప్పుడు ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలు నీళ్లలో ఉన్నాయో మ్యాపులు గీస్తూనే ఉంది. ఏ గట్టు ఎన్ని రోజులు మునిగిందో తెలుసుకోవడం ఇవాళ కష్టం కాదు. ఆ ఊళ్లో ట్యాగు ఉన్న పశువులెన్నో చూసి, రోజులతో గుణించడమే. పట్టా అడగాల్సిన పనిలేదు.

వేరే దేశాల్లో ఇలాంటివి జరుగుతున్నాయా అంటే, జరుగుతున్నాయి. అమెరికాలో 2008 వ్యవసాయ చట్టంతో మొదలై, 2014లో శాశ్వతం చేసిన ఒక పథకం ఉంది. కరువు వల్ల పచ్చిక ఎండిపోయినా, ప్రభుత్వ భూముల్లో మంటలొచ్చి మేపడం ఆపేయాల్సి వచ్చినా, పశువు బతికే ఉన్నా సరే, పోయిన మేతకి డబ్బిస్తారు. కరువైతే నెల మేత ఖర్చులో 60 శాతం లెక్కన. కరువు ఎంత ముదిరిందో వారం వారం వచ్చే మ్యాపు చూసి తేలుస్తారు. అక్కడి ఆదివాసీ తెగలు కూడా ఆ పథకానికి అర్హులు. అయితే అందులోనూ మేపే భూమి మీద సొంతమనో కౌలు అనో చూపించాలి. మన గట్ల మీది మేతకి అది సరిపోదు. మనకి దగ్గరగా ఉన్నది కెన్యా. 2010లో అక్కడి మార్సబిట్ ప్రాంతంలో పశువుల కాపర్లకి ఒక బీమా మొదలైంది. ఉపగ్రహం నుంచి నేల మీది పచ్చదనం కొలుస్తారు. పచ్చదనం ఒక స్థాయి కంటే పడిపోతే డబ్బు పడుతుంది. మొదట్లో పశువులు చచ్చే స్థాయి కరువుకే ఇచ్చేవాళ్లు. తర్వాత పశువు చావకముందే మేత కొనుక్కునేలా మార్చారు. ఆ కాపర్లకీ పట్టాలు లేవు, మేసేది ఉమ్మడి నేలే. వాళ్లకి వీలైనది మనకెందుకు వీలు కాదు?

ఇది డెల్టా ఒక్కదాని గొడవ అనుకోవద్దు. ఏజెన్సీ మిత్రులకి ఇది ఇంకా బాగా తెలుసు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వీఆర్‌పురం, చింతూరు, ఎటపాక మండలాల జనం గుట్టలెక్కి డేరాలేసుకున్నారు. పశువుల్ని తోలుకుపోయిన వాళ్లు వాటిని బతికించుకున్నారు. బతికించుకున్నందుకే పశువుల పట్టీలో వాళ్లకి చోటు లేకుండా పోయింది.

ఏజెన్సీలో అయినా, అడవి ఆనుకుని ఉన్న తండాల్లో అయినా మనకి ఒక ఆధారం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) మేపుకునే హక్కుని సామూహిక హక్కుగా గుర్తించింది, కదులుతూ మేపుకునేవాళ్లకి కూడా. పోడు పట్టాల కోసం పోరాడినంతగా మనం ఈ మేత హక్కు కోసం దరఖాస్తులు పెట్టలేదు. పెట్టాలి. ఆ హక్కు కాగితం మీదికొస్తే, విపత్తులో పోయింది ఫలానా గ్రామసభ మేత అని చెప్పడానికి వీలుంటుంది. గన్నవరం, నందివాడ లాంటి మైదానంలో ఐదో షెడ్యూలు లేదు, పీసా లేదు. అక్కడ మనకున్నది మేత పోరంబోకు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఇవాళ నందివాడ, కైకలూరు వైపు కంటికి కనిపించేదంతా చేపల చెరువులే. మిగిలిన గట్లే మన మేత. అవి రికార్డులోకి ఎక్కకపోతే రేపు అవీ ఉండవు.

ఇప్పుడే ఎందుకు అడగాలి? ఆ పాత నిబంధనల గడువు 2026 మార్చితో అయిపోయేది. 2026–27 నుంచి ఐదేళ్లు 16వ ఆర్థిక సంఘం కాలం. విపత్తు సాయం రేట్లు, పద్దులు ఈ ఐదేళ్ల మలుపులోనే మారతాయి. ప్రతిసారీ 37,500ని ఇంకొంచెం పెంచండి అనే అడుగుతుంటారు. పెంచాలి. కానీ ఈసారి దాంతో పాటు మేత పద్దుకున్న శిబిరం షరతు తీసేయమని అడగాలి. కేంద్రం ఒప్పుకునేదాకా రాష్ట్రం ఆగాల్సిన పని కూడా లేదు. 2024లో 37,500ని 50 వేలు చేసిన రాష్ట్రానికి, ఒక మేత పద్దు రాసుకోవడం కష్టమేమీ కాదు.

మన యువత చేయగలిగిన పనులు నాలుగున్నాయి. వరదొచ్చాక కాదు, ఇప్పుడే.

మొదటిది, మన పేటలో, తండాలో ఎవరింట్లో ఏ పశువులు ఎన్ని ఉన్నాయో ఒక నోటుబుక్కులో రాయండి. ట్యాగు నంబరు రాయండి, లేకపోతే పశుసంవర్ధక సహాయకుడిని పిలిచి వేయించండి. సెల్‌ఫోన్లో ఫొటో తీసి పెట్టండి. గేదె ఆసామిదైతే మేపేవాళ్ల పేరు కూడా పక్కన రాయండి.

రెండోది, మన పశువులు ఏ గట్టు మీద, ఏ పోరంబోకులో, ఏ నెలల్లో మేస్తాయో పెద్దవాళ్లని అడిగి ఒక పటం గీయండి. మేకలు కాసే ఆడవాళ్లకి తెలిసినంత ఏ సర్వేయరుకీ తెలియదు. వాళ్లని అడగండి.

మూడోది, ఆ జాబితా, ఆ పటం గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. ఒక కాపీ సచివాలయంలో, ఒకటి తహసీల్దారు దగ్గర ఇచ్చి రసీదు తీసుకోండి. నష్టం రాసే రోజున మా పేరెందుకు లేదు అని అరిచేదానికంటే, ఫలానా తేదీన ఇచ్చాం అని రసీదు చూపిస్తే మాటకి బలం ఉంటుంది.

నాలుగోది, ముంపు వచ్చిన రోజు నుంచి ఏ గట్టు ఎన్ని రోజులు నీళ్లలో ఉందో, గడ్డి కట్ట ఎంత పలికిందో, ఎవరు ఏ గేదెని ఎంతకి అమ్ముకున్నారో రాయండి. ఈ మూడు లెక్కలూ ఇవాళ ప్రభుత్వం దగ్గర లేవు. మన దగ్గర ఉంటే వాదన మనది.

2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో మొదటిసారిగా తిరుగుతూ మేపుకునే కాపర్ల వివరాలు కూడా అడిగారు. ఇన్నాళ్లకి పశువు వెనక మనిషి ఉన్నాడని ఒక కాగితం ఒప్పుకుంది. ఇక పశువు ముందు మేత ఉందని కూడా ఒప్పించాలి. కొండపావులూరులో విపత్తుల గురించి శిక్షణ పొందే అధికారులు కిటికీలోంచి చూస్తే మేసే పశువులు కనపడతాయి. వచ్చే వరదలోపు వాళ్ల పాఠాల్లోకి, జీవోల్లోకి ఈ ఒక్క పద్దు చేరాలి. అడగాల్సింది మనం. మీ ఊరి జాబితా ఈ వారమే మొదలుపెట్టండి.